రెండు పెట్టెలూ ఇద్దరివీ కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో వేసవి సెలవులకు విదేశాలు వెళ్ళే జంటలు సామాను ఎలా సర్దుకోవాలో ఒక పేజీ వేశారు. ఒక పక్క ‘ఆమె పెట్టె’, ఇంకో పక్క ‘ఆయన పెట్టె’ అని బొమ్మలు గీసి, దేంట్లో ఏముండాలో పట్టిక ఇచ్చారు. ఆయన పెట్టెలో చొక్కాలు, కెమెరా, చలవ కళ్ళద్దాలు. ఆమె పెట్టెలో ఆమె బట్టలతోపాటు ఇద్దరి మందులు, తువ్వాళ్ళు, చిరుతిళ్ళు, కాగితాలు. ఆ పేజీ రాసినవారి మీద నాకు కోపం లేదు, మన ఇళ్ళల్లో జరిగేదే రాశారు. ఆ జరిగేదే మారాలని నా తాపత్రయం. నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వాసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఉంటున్నది తెనాలిలో. పిల్లలు వాళ్ళ వాళ్ళ ఉద్యోగాల్లో పడ్డాక మావారూ నేనూ వీలైనప్పుడల్లా ఎక్కడికో ఒక చోటికి వెళ్ళొస్తున్నాం. మా వీధిలో ఎవరు విదేశం బయల్దేరినా మందుల సంచీ పట్టుకుని ఒకసారి మా గుమ్మం ఎక్కుతారు, ‘ఇవి తీసుకెళ్ళచ్చా అండీ’ అని. ఆ అనుభవంతో రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది. దయచేసి కత్తిరించకుండా వేయండి.

నేను చెప్పదలచింది ఒక్కటే. భార్యాభర్తలు కలిసి వెళ్తున్నప్పుడు రెండు పెట్టెలూ ఇద్దరివీ కావాలి. రెండింట్లోనూ ఇద్దరి బట్టలూ ఉండాలి. ఎందులో ఏముందో ఇద్దరికీ తెలియాలి. సర్దేటప్పుడు ఇద్దరూ దగ్గరుండాలి.

కిందటి సంక్రాంతి పోయాక మేం థాయిలాండ్ వెళ్ళాం. హైదరాబాదు నుంచి బ్యాంకాక్, అక్కడ విమానం మారి క్రాబి. క్రాబిలో బెల్టు మీదికి ఒక పెట్టె వచ్చింది, రెండోది రాలేదు. బెల్టు ఆగిపోయింది, చుట్టూ ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు. అలాంటప్పుడు కంగారు పుట్టడం సహజమే. కానీ మాకు ఆ రాత్రి లోటేమీ జరగలేదు. వచ్చిన పెట్టెలో మావారి లుంగీ ఉంది, పంట్లాం ఉంది, నా రెండు జతలు ఉన్నాయి, ఇద్దరి లోబట్టలూ ఉన్నాయి. మందులు ఎలాగూ చేతి సంచుల్లోనే ఉన్నాయి. రెండో పెట్టె హోటలుకు చేరేలోపు మేం ఆవో నాంగ్ తీరం చూసేశాం, పడవెక్కి రైలే అనే ఇంకో తీరానికి కూడా వెళ్ళొచ్చాం. ఆ రోజు బెల్టు దగ్గర మాతోపాటే ఇంకో తెలుగు జంట నిలబడి ఉంది, కొత్తగా పెళ్ళయినవాళ్ళు. వాళ్ళదీ ఒక పెట్టె రాలేదు. అది పూర్తిగా ఆ అమ్మాయి పెట్టె. ఒంటి మీది జీన్సు ప్యాంటు తప్ప ఆ పిల్లకి మార్చుకోవడానికి ఏమీ లేదు. నా దగ్గరున్న కాటన్ చుడీదారు ఒకటి ఇచ్చాను. ఆ అబ్బాయి మంచివాడే, కానీ ‘పెట్టెలో ఏమేం ఉన్నాయి’ అని కౌంటరులో అడిగితే ఒక్క వస్తువు పేరూ చెప్పలేకపోయాడు. పెట్టేమో అతని టికెట్టు మీదే నమోదై ఉంది.

పెట్టె రాకపోతే ఏం చెయ్యాలో మన పత్రికలు రాయవు కాబట్టి నాలుగు మాటలు నేనే రాస్తాను. విమానాశ్రయం దాటి బయటికి రాకముందే సామాను కౌంటరుకు వెళ్ళి ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్టు రాయించాలి. దాన్నే పీఐఆర్ అంటారు. బోర్డింగ్ పాసుకు అంటించిన సామాను చీటీ అప్పటిదాకా పారెయ్యకూడదు. అంతర్జాతీయ ప్రయాణాల్లో సామాను పోయినా, పాడైనా, ఆలస్యంగా వచ్చినా విమాన సంస్థ బాధ్యత ఎంతో 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం చెబుతుంది. మన దేశం 2009లో అందులో చేరింది. ఒక్కో ప్రయాణికుడికి పరిహారం 1,519 ఎస్‌డీఆర్‌లు దాటకూడదన్న పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి అమల్లో ఉంది. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ప్రమాణం, మన రూపాయల్లో ఆ మొత్తం లక్షన్నర దాటుతుంది. అంతా ఇచ్చేస్తారని కాదు, నష్టం ఎంతో చూపించాలి. పెట్టె పాడైతే చేతికందిన 7 రోజుల్లోపు, ఆలస్యమైతే అందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే అది పోయినట్టే లెక్క. ఇందుకే నేను సర్దడం అయ్యాక మూత వెయ్యకముందు పెట్టెను ఫోనుతో ఫోటో తీస్తాను, మూత వేశాక బయట నుంచి ఇంకోటి. మావారి ఫోనులో కూడా ఆ ఫోటోలు ఉంటాయి. పెట్టె లోపల పైనే ఒక కాగితం మీద పేరు, ఫోను నంబరు, దిగబోయే హోటలు చిరునామా రాసి పెడతాం. బయటి చీటీ ఊడిపోయినా లోపలిది ఉంటుంది.

బరువు సంగతి. కొన్ని విమాన సంస్థలు మనిషికి ఇన్ని కిలోలు అని లెక్కేస్తాయి, కొన్ని మనిషికి ఇన్ని పెట్టెలు అని లెక్కేస్తాయి. కిలోల లెక్క ఉన్న చోట, ఇద్దరూ ఒకే పీఎన్నార్ మీద టికెట్టు తీసుకుని ఒకేసారి కౌంటరు దగ్గరికి వెళ్తే, చాలా సంస్థలు ఇద్దరి బరువూ కలిపి చూస్తాయి. ఒక పెట్టె రెండు కిలోలు ఎక్కువై ఇంకోటి మూడు కిలోలు తక్కువైతే సరిపోతుంది. పెట్టెల లెక్క ఉన్న చోట అలా కుదరదు, ఏ పెట్టెకా పెట్టె పరిమితిలోనే ఉండాలి. ఎంత కలిపి చూసినా ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు, అది మోసే కూలీల నడుముల కోసం పెట్టిన హద్దు. భార్యాభర్తల టికెట్లు వేరువేరుగా చౌకగా దొరికాయని వేరు పీఎన్నార్‌ల మీద కొనేవాళ్ళు ఈ సౌకర్యం పోగొట్టుకుంటున్నారు. టికెట్లు తీసే ఏజెంట్లు ఈ మాట ముందే చెప్పాలి. ఇంకొకటి, అక్కడికి వెళ్ళాక దేశంలోపల తిరిగే చిన్న విమానాల్లో పరిమితి తక్కువ ఉంటుంది. మొత్తం దారిలో ఏ విమానంలో అన్నిటికంటే తక్కువ బరువు రానిస్తారో దాన్ని చూసి సర్దుకోవాలి. గట్టి డొప్ప ఉన్న పెద్ద పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగుతుంది. మేం రెండూ మధ్య సైజు మెత్తటి పెట్టెలే వాడతాం. ఇంట్లో మనం ఎక్కే బరువు యంత్రం మీద మావారు పెట్టె పట్టుకుని ఒకసారి, పట్టుకోకుండా ఒకసారి నిలబడతారు. తేడాయే పెట్టె బరువు.

ఇక నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. మందులు.

మందుల సంచీ ఒక్కటే ఉండకూడదు. ఎవరి మందులు వాళ్ళ చేతి సంచీలో ఉండాలి. అదనంగా తీసుకెళ్ళే కొద్ది రోజుల మోతాదు రెండోవారి సంచీలో ఉండాలి. కింద సామానులోకి పంపే పెట్టెలో ఏ ఒక్క ముఖ్యమైన మాత్రా వెయ్యకూడదు. మావారు ఇన్సులిన్ తీసుకుంటారు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తెరిచాక గది వాతావరణంలో సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది, కచ్చితంగా ఎన్ని రోజులన్నది ఆ మందు కాగితం మీద ఉంటుంది. గడ్డకడితే మటుకు ఆ ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదు. విమానం పొట్టలో వేసిన పెట్టెలో చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, అందుకే చేతి సంచీలోనే ఉంచుకోవాలి. ఐసు ముక్కలకు నేరుగా తగలనివ్వకూడదు. హోటలు గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటే లోపలి గోడ వైపు పెట్టకుండా తలుపు అరలో పెట్టాలి. నీళ్ళలో తడిపి వాడే చల్లటి సంచులు దొరుకుతున్నాయి, అవి నీరు ఆవిరవడం వల్ల చల్లబడతాయి. పొడి గాలి ఉన్న చోట బాగా పనిచేస్తాయి. థాయిలాండ్, సింగపూర్ లాంటి ఉక్కపోత చోట్ల నీరు త్వరగా ఆవిరవదు కాబట్టి అంతగా పనిచెయ్యవు. సముద్రపు ఒడ్డున ఎండలో పెట్టిన సంచీలో, ఆపి ఉంచిన కారులో ఇన్సులిన్ వదిలేసి తిరగడానికి వెళ్ళేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం కొట్టుకుంటుంది. మన మందుల్లో చాలావాటి మీద 30 డిగ్రీలకు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. ఎండలో ఆపిన కారు లోపల అంతకు ఎంతో ఎక్కువ వేడి ఉంటుంది.

డాక్టరు చీటీ మీద మందు అసలు పేరు ఉండాలి. మన దగ్గర కంపెనీ పెట్టిన పేరు అక్కడి మందుల షాపులో ఎవరికీ తెలియదు. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్, గ్లార్జిన్ అని అసలు పేర్లు, మోతాదు ఇంగ్లీషులో రాయించుకోవాలి. ఆ చీటీ రెండు కాపీలు, ఇద్దరి దగ్గరా ఒక్కోటి. మాత్రలు కత్తిరించి ప్లాస్టిక్ డబ్బాల్లో పోసుకుని వెళ్ళడం మన పెద్దవాళ్ళకు అలవాటు. విదేశం వెళ్ళేటప్పుడు స్ట్రిప్పులు అలాగే ఉంచాలి, పేరూ గడువూ కనపడాలి.

అన్నిటికంటే ముఖ్యం, మన దగ్గర డాక్టర్లు మామూలుగా రాసే మందులు కొన్ని దేశాల్లో మత్తుమందుల కింద లెక్క. కొడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్ర, నిద్రకు వాడే ఆల్ప్రజోలం, డయజిపాం. షుగరు వల్ల వచ్చే కాళ్ళ మంటలకు మన దగ్గర ఎంతోమంది ప్రిగాబలిన్ వాడతారు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అది కూడా నియంత్రణలో ఉన్న మందే. ఇలాంటివి ఉన్నవాళ్ళు ఆ దేశ ఆరోగ్య శాఖ వెబ్‌సైటులో చూసి, అవసరమైతే బయల్దేరకముందే అనుమతి తీసుకోవాలి. దుబాయిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తూ ఒకావిడ భర్త నిద్రమాత్రలు కూడా తన సంచీలోనే వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆ మాత్ర ఏమిటో ఆమెకు తెలియదు, ఆయన పేరున్న చీటీ ఆమె దగ్గర లేదు. అధికారి ఆపితే జవాబు చెప్పాల్సింది ఆమె. మీ పట్టికలో ‘ఆమె పెట్టె’ కింద ఇద్దరి మందులూ అని చదవగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

ఎండ ఉన్న చోటికి వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి డాక్టరును అడగాలి. బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి, నీరు ఎక్కువగా పోయేలా చేసే మాత్ర వాడేవాళ్ళకు చెమటతో కలిపి ఒంట్లో నీరు తగ్గి కళ్ళు తిరగవచ్చు. ఆ మందు వల్లా, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వల్లా కొందరికి ఎండ తగిలితే చర్మం తేలిగ్గా కమిలిపోతుంది. నాలుగైదు ఓఆర్‌ఎస్ పొట్లాలు బరువేం కాదు, ఇద్దరి సంచుల్లోనూ చెరి రెండు వేసుకోండి. థాయిలాండ్‌లో డెంగీ ఉంది, దోమలకు రాసుకునే క్రీము మరవకండి. ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ విషయంలో ఒక నిబంధన చాలామందికి తెలియదు. పగడపు దిబ్బలకు హాని చేస్తాయని థాయిలాండ్ 2021 ఆగస్టులో తన సముద్ర జాతీయ పార్కుల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ సహా నాలుగు రసాయనాలున్న సన్‌స్క్రీన్లను నిషేధించింది. జరిమానా లక్ష బాత్‌ల దాకా ఉంటుంది. కొనేటప్పుడు సీసా వెనక చూసి జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకుంటే గొడవ ఉండదు. 100 మిల్లీలీటర్లు దాటిన సీసా చేతి సంచీలో రానివ్వరు, అది కింద పెట్టెలోకి వెళ్ళాలి.

బట్టల గురించి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదంటారు గానీ, నేను ఒకటి చెబుతాను. జరీ చీర ఒక్కటి తగ్గిస్తే మూడు వాయిల్ చుడీదార్ల చోటు దొరుకుతుంది. మాకు పక్కనే మంగళగిరి. అక్కడి పల్చటి నూలు బట్ట ఉక్కపోతలో ఒంటికి హాయిగా ఉంటుంది. అయితే తేమ గాలిలో మందపాటి నూలు ఒక రాత్రిలో ఆరదు, పల్చటిదే తీసుకోవాలి. టర్కీ తువ్వాలు అసలు వద్దు. మన నేత తుండుగుడ్డ గంటలో ఆరుతుంది, పడవలో తల మీద కప్పుకోవచ్చు, ఇసుకలో పరుచుకోవచ్చు. మావారు రెండు తీసుకొచ్చారు, పెట్టెకొకటి. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ చూడాలంటే మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. మగవాళ్ళు నిక్కర్లతో వస్తే రానివ్వరు. అందుకని ఆయనకు ఒక పల్చటి పొడవు పంట్లాం రెండు పెట్టెల్లోనూ ఉండాలి. క్రాబిలో పడవెక్కాలంటే మోకాలి లోతు నీళ్ళలో నడవాలి. అక్కడి పులి గుహ ఆలయం కొండకు 1,200 పైగా మెట్లున్నాయి. తడిసినా ఫరవాలేని, వెనక పట్టీ ఉన్న చెప్పుల జత ఒకటి ఈ రెండింటికీ సరిపోతుంది. కొత్త చెప్పులు మటుకు వద్దు.

మన వేసవి సెలవుల్లో వెళ్ళేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. మనకు మే నెల మండుటెండ. క్రాబి, ఫుకెట్ ఉన్న పడమటి తీరానికి మే నుంచి అక్టోబరు దాకా వానలు. అక్కడికి ఎండ బట్టలు మాత్రమే సర్దుకెళ్తే రోజూ తడి బట్టలతో తిప్పలు పడాలి. అదే మేలో దుబాయి వెళ్తే బయట 40 డిగ్రీలు, లోపల ఏసీ చలి. పల్చటి శాలువా ఒకటి ఉండాలి. ఏ నెలలో వెళ్తున్నారో చూడకుండా ‘వేడి దేశం’ అని ఒకే పట్టిక ఇవ్వడం వల్ల పాఠకులకు మేలు లేదు.

తిండి పదార్థాల దగ్గరే మన తెలుగువాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడేది. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ లేకుండా మనవాళ్ళు గడప దాటరు. నేనూ దాటను. పచ్చడి కింది పెట్టెలోనే వెయ్యాలి. పైకి వెళ్ళినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి సీసాలో ఉన్న గాలి వ్యాకోచిస్తుంది, నూనె మూత పక్కనుంచి కక్కుతుంది. నూనె వంచేసి, గాలి లేకుండా సీలు వేసిన ప్యాకెట్లలో తీసుకెళ్ళాలి. మన పచ్చళ్ళ షాపులవాళ్ళు అడిగితే అలా కట్టి ఇస్తారు. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టెలో వెయ్యకూడదు. దానిలో నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కి అంటుకునే స్వభావం ఉందని దాన్ని ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. కర్పూరం, అగ్గిపెట్టె కూడా అంతే. పూజ సామాను పొట్లం అత్తగారు కట్టి ఇచ్చారని విప్పి చూడకుండా పెట్టెలో వేసుకునేవాళ్ళున్నారు. విప్పి చూడండి.

గసగసాల గురించి పెద్ద అక్షరాలతో వేసినా తప్పులేదు. మన కూరల్లో, మసాలాల్లో గసగసాలు మామూలు సంగతి. సింగపూర్‌లో, ఎమిరేట్స్‌లో అవి నిషేధం. నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. మసాలా పొడి ఇంట్లో కొట్టినదైతే అందులో గసగసాలు పడ్డాయా అని కొట్టినవాళ్ళనే అడగాలి. కోడికూరకు బాగుంటుందని పక్కింటావిడ ఇచ్చిన పొడిలో ఏముందో భర్తకు తెలియదు, భార్య అడగలేదు. పెట్టె మీద పేరు మాత్రం ఆయనది.

ఇతరులిచ్చే పొట్లాల విషయంలో నాది కఠినమైన మాట. 2019లో ఖతార్ వెళ్ళిన ఒక ముంబయి జంట దగ్గర, బంధువు పంపిన పొట్లంలో చరస్ దొరికింది. అందులో ఏముందో వాళ్ళకు తెలియదు. పదేళ్ళ శిక్ష పడింది. చివరికి 2021లో నిర్దోషులని తేలి ఇంటికి వచ్చారు, కానీ ఆ మధ్య కాలమంతా జైల్లోనే గడిచిపోయింది. ‘మా అబ్బాయికి ఈ చిన్న ప్యాకెట్టు’ అని ఎవరైనా వస్తే, మీ ముందే విప్పి, ఏముందో భార్యాభర్తలిద్దరూ చూసి, అప్పుడు పెట్టుకోండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. ఊళ్ళో మాట పడినా ఫరవాలేదు.

విమానాశ్రయాల్లో అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఈ పెట్టె మీరే సర్దుకున్నారా?’ మన మగవాళ్ళు చాలామంది అవునని తల ఊపుతారు. నిజానికి సర్దింది భార్య. ఒక్కోసారి సర్దింది ఆమె, మూత వేసింది ఆయన, మధ్యలో ఏదో దూర్చింది అమ్మమ్మ. అధికారులు అడిగేది ఊరికే కాదు, ఆ పెట్టెలో ఏం దొరికినా బాధ్యత ఎవరిదో తేల్చడానికి. పేరున్న మనిషికి లోపల ఏముందో తెలియకపోవడం ఎంత ప్రమాదమో మన ఇళ్ళల్లో ఎవరూ ఆలోచించడం లేదు. సర్దడం ఆడపని అని వదిలేసే భర్తలకు నేను చెప్పేది ఇదే. అది మీ పేరు మీద వెళ్తున్న పెట్టె. భార్యలకూ చెబుతాను, ‘ఆయనకేం తెలుస్తుందిలే, నేను చూసుకుంటాను’ అని ఆయన్ని గదిలోంచి పంపెయ్యకండి.

మా ఇంట్లో బయల్దేరే ముందు రోజు రెండు పెట్టెలూ మంచం మీద తెరిచి పెడతాం. నేను వస్తువు పేరు చెబుతాను, ఆయన తీసి పెడతారు. ఆయన జత ఒకటి ఇందులో, ఒకటి అందులో. నావీ అంతే. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేశారు, రిజిస్టరు రాయడం అలవాటు. చిన్న పుస్తకంలో రాస్తూ ఉంటారు. గంట పడుతుంది. ఆ గంటలోనే ఎన్నో అక్కర్లేని వస్తువులు తేలిపోతాయి, ఎందుకంటే ఒక్కో వస్తువుకూ ఇద్దరిలో ఒకరు ‘ఇది ఎందుకు’ అని అడుగుతారు. పాస్‌పోర్టు నకళ్ళు ఆయనవి నా దగ్గర, నావి ఆయన దగ్గర. థాయిలాండ్‌కు 2025 మే 1 నుంచి దిగకముందే ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి రుసుము లేదు, డబ్బడిగే వెబ్‌సైటుల జోలికి వెళ్ళవద్దు. అది కూడా ఎవరిది వాళ్ళే నింపుతాం. బంగారం దాదాపు ఇంట్లోనే వదిలేస్తాను. పెళ్ళిళ్ళకని ఎక్కువ నగలు తీసుకెళ్ళాల్సిన వాళ్ళు ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే తిరుగు ప్రయాణంలో ఇది ఎక్కడ కొన్నారన్న ప్రశ్న ఉండదు.

పవర్‌బ్యాంకు ఒక్కటే మిగిలింది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కింది పెట్టెలో వెయ్యకూడదు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్ అవర్ల లోపు ఉన్నది చేతి సంచీలో రానిస్తారు, మామూలుగా దొరికే 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు 74 వాట్ అవర్లే. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో విమానం తగలబడిన తర్వాత చాలా సంస్థలు నిబంధనలు బిగించాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఆ ఏడాది ఏప్రిల్ నుంచి, ఎమిరేట్స్ అక్టోబరు నుంచి విమానంలో వాటిని వాడడం నిషేధించాయి. ఇక్కడ జంటలు జాగ్రత్తగా ఉండాల్సిన సందర్భం ఒకటుంది. విమానం నిండిపోతే గేటు దగ్గర చేతి సంచులు కూడా తీసుకుని కిందికి పంపేస్తారు. ఆ హడావుడిలో భార్య సంచీ భర్త ఇచ్చేస్తాడు, అందులో పవర్‌బ్యాంకు, ఇన్సులిన్, పాస్‌పోర్టు ఉన్నాయని తెలియక. ఇవి మూడూ ఒక చిన్న గుడ్డసంచీలో వేసి చేతి సంచీ పైభాగాన పెట్టుకుంటే ఒక్క చేత్తో తీసేసుకోవచ్చు. మా ఇద్దరికీ చెరొక గుడ్డసంచీ ఉంది, నేనే కుట్టాను.

సంపాదకుల వారికి నా విన్నపాలు రెండు. మొదటిది, వచ్చే వారం అనుబంధంలో ఆ పట్టికను సవరించి, ఇద్దరికీ కలిపి ఒకే పట్టికగా మళ్ళీ వేయండి. గసగసాలు, ఎండుకొబ్బరి, కర్పూరం, నిద్రమాత్రలు, కొడీన్ దగ్గుమందు, ప్రిగాబలిన్ ఇవన్నీ మనం పిలుచుకునే పేర్లతోనే అందులో ఉండాలి. ఏ దేశం వెళ్తున్నారో ఆ దేశం నిబంధన చూసుకోమని కింద రాయండి. రెండోది మీ ద్వారా విమానాశ్రయాల అధికారులకు. శంషాబాద్, గన్నవరం, విశాఖల నుంచి మొదటిసారి విమానమెక్కే పెద్దవాళ్ళు ఎంతోమంది. తీసుకెళ్ళకూడని వస్తువుల బొమ్మల కింద తెలుగు పేర్లు స్పష్టంగా ఉండాలి. చెక్ ఇన్ వరుసలో నిలబడకముందే పెట్టె తూచుకునే యంత్రం అందరికీ కనపడే చోట ఉండాలి. కౌంటరు దగ్గర నేల మీద పెట్టెలు తెరిచి, చీరలు బయటికి లాగుతూ, అందరి ముందూ పెద్దవాళ్ళు పడే అవస్థ చూడలేకపోతున్నాను.

వేసవి టికెట్లు ఇప్పటికే కొంటున్నారు. ఏప్రిల్‌లో పిల్లల పరీక్షలు అయిపోతాయి, బయల్దేరేవాళ్ళు అప్పటికల్లా సర్దడం మొదలుపెడతారు. సవరించిన పట్టిక ఆలోపే వచ్చేలా చూడండి. దాని మందుల భాగం సరిచూడడానికి ఎవరైనా కావాలంటే నేను సిద్ధం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
తెనాలి